ఖాళీ పెన్‌డ్రైవ్‌లో ముప్పై ఏడు పాటలు

నాకు కోపం ఎక్కువ. దాచినా దాగేది కాదు గనక ముందే చెప్పేస్తున్నాను. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల వెనక సందులో పన్నెండేళ్లుగా జిరాక్స్ షాపు నడుపుతున్నాను. రోజుకు ఎనభై మంది వస్తారు, సగానికి పైగా చేతిలో పెన్‌డ్రైవ్ ఉంటుంది. "అక్కా, ఒక్క పేజే, జర జల్ది" అంటారు. ఆ ఒక్క పేజీతో పాటు ఎన్ని వైరస్‌లను జేబులో వేసుకొచ్చారో ఆ మహానుభావులకు తెలియదు. అడిగితే "మాది కొత్త పెన్‌డ్రైవ్ అక్కా" అంటారు. కొత్తదట! షాపులో ప్యాకెట్ చించిన రోజున కొత్తదే, ఎవరు కాదన్నారు?

ఈ పెన్‌డ్రైవ్ వైరస్‌లకు ఇంటర్నెట్‌తో పని లేదు. తమను తామే కాపీ చేసుకుంటాయి. పెన్‌డ్రైవ్ గుచ్చి ఏదో ఒకటి తెరిస్తే చాలు, కంప్యూటర్‌లోకి దూరతాయి. ఆ కంప్యూటర్‌లోంచి తర్వాత వచ్చినవాడి పెన్‌డ్రైవ్‌లోకి, అక్కడి నుంచి వాడి ఇంటికి. పొద్దున మా సందులో ఎక్కిన వైరస్ సాయంత్రానికి ఎల్‌బీ నగర్ దాటుతుంది. అందుకే నా దగ్గర ఒకటే రూలు. వైరస్ ఉన్న పెన్‌డ్రైవ్ చేతికొస్తే, ప్రింటు కావలసిన ఫైలు ఒక్కటి పక్కకు తీసి, మిగతాదంతా ఫార్మాట్. అంటే మొత్తం తుడిచెయ్యడం. పైపైన తుడవడం నాకు నచ్చదు, అడుగంటా తుడుస్తాను. ఆ తర్వాత ఎంత మొనగాడైనా అందులోంచి ఒక్క అక్షరం వెనక్కి తేలేడు. ఇన్నేళ్లలో వేల పెన్‌డ్రైవ్‌లు తుడిచాను. అందుకు గర్వం కూడా ఉండేది.

ఆ గర్వం మొన్న మార్చిలో ఒక గురువారం పొద్దున పోయింది.

పదకొండు గంటలప్పుడు షాపులో సూర్యప్రభ ఆంటీ ఉంది. మా మేడ మీద ఆడపిల్లల హాస్టల్ ఆమెదే. గుడివాడ వైపు నుంచి వచ్చి పాతికేళ్లయినా మాట ఇంకా అక్కడిదే. హాస్టల్ గోడకు అంటించే నోటీసు ప్రింటు తీయించుకోవడానికి వచ్చి, నాతో పాటు కాఫీ కూడా తాగుతోంది. అప్పుడే ఒక పెద్దావిడ వచ్చి కౌంటర్ మీద పాత పెన్‌డ్రైవ్ పెట్టింది. యాభై అయిదేళ్లుంటాయి. ముదురు పచ్చ చీర, కొంగు మెడ చుట్టూ గట్టిగా చుట్టుకుంది.

"ఏం కావాలె పెద్దమ్మా?" అన్నాను.

మాట్లాడలేదు. పెన్‌డ్రైవ్‌ను నా వైపు తోసింది.

"ప్రింటా? కాపీనా?"

మళ్లీ ఏమీ అనలేదు. ఆమె వెనక నలుగురు పిల్లలు హాల్‌టికెట్ల కోసం తోసుకుంటున్నారు. నాకు సర్రుమంది.

"ఏందమ్మా, నోట్లె నాలిక లేదా? నువ్వు చెప్పకుంటె నాకెట్ల తెలుస్తది?"

ఆమె నన్ను చూసింది. కోపంగా కూడా చూడలేదు. మెడ చుట్టూ ఉన్న కొంగును మెల్లగా జరిపింది. గొంతు కింద తెల్లటి గుడ్డ, దాని వెనక చిన్న రంధ్రం. ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ గుడ్డ లోపలికీ బయటికీ కదులుతోంది.

సూర్యప్రభ ఆంటీ కాఫీ గ్లాసు కింద పెట్టి, "నీ నోటికి తాళం వెయ్యాలే విజయశ్రీ" అంది నాకు మాత్రమే వినపడేలా. అది చాలదనిపించింది, ఇంకో నాలుగు తిట్టినా పడేదాన్ని.

అంతలో ట్రాలీ ఆటో ఎక్కడో ఆపుకొని ఒకాయన చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. ఆమె భర్త. పేరు అంతయ్య. ఎల్‌బీ నగర్ నుంచి అబ్దుల్లాపూర్‌మెట్ దాకా సామాను తోలుతాడు.

"దానికి మాట రాదు బిడ్డా" అన్నాడు. "నాలుగేండ్లాయె. గొంతుల గడ్డయింది. దవాఖానల ఆపరేషన్ చేసి గొంతే తీసేసిండ్రు."

"తప్పయింది పెద్దమ్మా" అన్నాను. చేతులు జోడించాను కూడా. వెనక పిల్లలు చూస్తున్నారని సిగ్గుపడలేదు. ఆమె చెయ్యి ఊపి, పోనియ్ అన్నట్టు సైగ చేసింది.

అంతయ్య స్టూలు మీద కూర్చుని సంగతి చెప్పాడు. ఆమె పేరు సుమిత్రమ్మ. నల్లగొండ దిక్కు నుంచి వచ్చి చంపాపేట్‌లో స్థిరపడ్డ ఇళ్లు వాళ్ల బస్తీలో యాభై దాకా ఉన్నాయి. ఎవరింట్లో పిల్ల పుట్టినా ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేస్తారు. ఆ రోజు తొట్టెల పాట పాడటానికి అందరూ సుమిత్రమ్మనే పిలిచేవాళ్లు. ఆమె పాట అయ్యేదాకా పిల్లను తొట్టెలలో పడుకోబెట్టరు. అది వాళ్ల పద్ధతి.

"గిప్పుడు మా సంతోషికి బిడ్డ పుట్టింది" అన్నాడు. "ఐతారం నాడు ఇరవై ఒకటి. అందరి పిల్లలకు పాడింది గానీ, సొంత మనుమరాలికాడికి ఒచ్చేసరికి గొంతు లేకపాయె. వేరేటోళ్లను పిలుద్దామంటె ఒప్పుకుంటలేదు. ఊకె తొట్టెల్ల పండవెడదామంటె ఏడుస్తున్నది. ఆఖరికి గీ పెన్‌డ్రైవు తీసి చేతుల పెట్టింది. మా ఇంట్ల పాటలు మోగే సప్పుడు డబ్బ ఉన్నది, దాంట్ల పెన్‌డ్రైవు పడ్తది గద. ఏదన్న మంచి జోలపాట ఎక్కియ్యి బిడ్డా."

"లోపల ఏమన్న ఉన్నయా కాకా? పనికొచ్చేటివి?"

"ఏం లేవు. ఖాళీదే." ఆయన భార్య వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఉండె. గీమె పాడిన పాటలే ఉండె. యాడికి పాడపోయినా సంతోషి ఫోన్ల రికార్డు చేసేది. అన్నీ దీంట్లనే పెట్టింది. ఆపరేషనయి ఇంటికొచ్చినంక ఒకటే పట్టు. తీసెయ్, తీసెయ్ అని సైగ. గొంతే పోయినంక గా పాటలు నాకెందుకని. పిల్ల ఏడ్చింది, నేను బతిలాడిన. ఇనలే. సంతోషిని కొత్త ల్యాప్‌టాప్ ముంగట కూసోబెట్టి, పక్కన నిలవడి ఒక్కొక్కటి తీయించింది. ముప్పై ఏడు. పాత ఫోను గూడ అప్పటికే పాడాయె."

సుమిత్రమ్మ తల వంచుకుని వింటోంది. ఆ ముప్పై ఏడూ తీయించినందుకు ఇప్పుడు ఎంత కుములుతోందో ఎవరూ చెప్పక్కర్లేకుండా కనిపిస్తోంది.

పెన్‌డ్రైవ్ గుచ్చాను. లోపల వైరస్ ఉందని యాంటీవైరస్ వెంటనే హెచ్చరించింది. ఎప్పుడూ ఉండేదే అనుకున్నాను. తెరిచి చూస్తే నిజంగానే ఖాళీ, తెల్లటి తెర తప్ప ఏమీ లేదు.

ఇంటర్నెట్‌లో జోలపాటలు వెతికి ఒక్కొక్కటీ వినిపించాను. మొదటి దానికి సుమిత్రమ్మ తల అడ్డంగా ఊపింది. రెండోదానికి ముఖం చిట్లించింది. మూడోది స్టూడియోలో వీణలు, వేణువులు పెట్టి తీసింది. అది వింటూ వాకిలి వైపు చూస్తూ ఉండిపోయింది. ఏడో పాటకో ఎనిమిదో పాటకో, ఇంక చాలు, ఏదో ఒకటి పెట్టమన్నట్టు చెయ్యి ఎత్తింది. అది ఒప్పుకోవడం కాదు, ఓడిపోవడం. నా మనసు చివుక్కుమంది.

పాటను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కొట్టాను. కంప్యూటర్ కాపీ చెయ్యలేదు. లోపల చోటు లేదంది.

"చోటు లేకపోవుడేంది దీని మొఖం!" అన్నాను. ఇంకోసారి కొట్టాను. చోటు లేదు. వైరస్ పెన్‌డ్రైవ్‌ను పాడు చేసి ఉంటుందని తేల్చుకున్నాను. అలవాటు ప్రకారం నా చెయ్యి ఫార్మాట్ మీదికి వెళ్లింది. మొత్తం తుడిచేస్తాను, ఒప్పుకుంటారా అని కంప్యూటర్ అడిగింది. నొక్కడమే తరువాయి.

"అమ్మాయ్, ఆగాగు" అంది సూర్యప్రభ ఆంటీ. "ఖాళీ అని నువ్వంటున్నావు. చోటు లేదని అదంటోంది. రెండూ ఎలా నిజమవుతాయే?"

"ఆంటీ, నీకు తెల్వదు, నువ్వు ఊకో."

"నాకు తెలీదు కాబట్టే అడుగుతున్నా. మా హాస్టల్లో గది ఖాళీ అని వార్డెన్ చెప్పి, తాళం మాత్రం లోపలి నుంచి వేసి ఉంటే నేనేమనుకోవాలి? ఎవరో ఉన్నారనేగా?"

నా వేలు మౌస్ మీదే ఆగిపోయింది.

చెబితే సిగ్గుచేటు. ఇది నాకు తెలియని సంగతి కాదు. అసలు ఫైళ్లను కనపడకుండా దాచేసి, వాటి స్థానంలో అదే పేరుతో ఉత్తుత్తి గుర్తులు పెట్టే వైరస్‌లు ఉన్నాయని పన్నెండేళ్లుగా పిల్లలకు పాఠం చెబుతున్నాను. కానీ ఇక్కడ దాచినవి లేవు, వాళ్ల చేత్తో వాళ్లే తీసేశారు కదా. ఆ మాట విని నేను ఆలోచించడమే మానేశాను.

షాపు వెనక ఒక పాత కంప్యూటర్ ఉంది. దాన్ని మా సందులో అందరూ దవాఖాన అంటారు. దాంట్లో విండోస్ బదులు లినక్స్ అనే వేరే సిస్టమ్ ఉంటుంది. మామూలు కంప్యూటర్లలో చెల్లే ఈ దాపరికం దాని దగ్గర చెల్లదు. పెన్‌డ్రైవ్‌లో ఏముంటే అది చూపిస్తుంది. పెన్‌డ్రైవ్ తీసి దానికి గుచ్చాను.

తెర నిండిపోయింది.

వరసలు వరసలుగా పేర్లు. లింగస్వామి కొడుకు తొట్టెల. జానయ్య మనుమడు. నాట్ల పాట ఒకటి, నాట్ల పాట రెండు. పక్కింటి శ్రీకర్ ఇరవై ఒకటి. అమ్మ ఊకెనే పాడింది. కిందికి జరుపుతున్నా అయిపోవడం లేదు. లెక్కబెట్టాను. ముప్పై ఏడు. తప్పేమో అని వేలు పెట్టి మళ్లీ లెక్కబెట్టాను. ముప్పై ఏడే.

నాకు ఒళ్లంతా జలదరించింది. అబద్ధం చెప్పను, దేవుడి గదిలో నిలబడ్డా ఎన్నడూ అంతగా జలదరించలేదు.

"ఏందే బిడ్డా, ఏమైంది?" అన్నాడు అంతయ్య.

మొదటి పాట మీద నొక్కాను.

షాపులోకి ఒక గొంతు వచ్చింది. సన్నటి తీపి గొంతు కాదది. కాస్త బొంగురుగా, నిండుగా, వాకిట్లో నిలబడి పాడితే వీధి చివర దాకా పోయే గొంతు. వెనక ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు, ఎక్కడో పిల్ల ఏడుపు. హాల్‌టికెట్ల కోసం నిలబడ్డ పిల్లలు సెల్‌ఫోన్లలోంచి తలలెత్తారు.

సుమిత్రమ్మ కౌంటర్ పట్టుకుంది. అంతయ్య లేచి నిలబడి, "గిది... గిదేంది... గిదెట్ల..." అంటూ ఆమెనూ కంప్యూటర్‌నూ మార్చి మార్చి చూశాడు. ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. సుమిత్రమ్మ కౌంటర్ దాటి లోపలికి వచ్చింది. నా అనుమతి అడగలేదు. స్పీకర్ మీద అరచెయ్యి పెట్టింది. పాట అదిరినప్పుడల్లా ఆమె చెయ్యి కింద స్పీకర్ అదురుతోంది. అలాగే నిలబడింది, పాట అయ్యేదాకా.

"తీసేసినం గద! నా కండ్ల ముంగట తీసింది!" అన్నాడు అంతయ్య.

నేను చెప్పడం మొదలుపెట్టాను గానీ నా మాట నాకే కొత్తగా వినిపించింది. "కాకా, అంతకుముందే దీంట్లకు వైరస్ ఎక్కింది. అది పాటలను దాచిపెట్టి, వాటి పేర్లతోటి ఉత్త గుర్తులు బయట పెట్టింది. సంతోషి తీసింది గా గుర్తులను. ఇంటి ముంగట పేరు బోర్డు పీకితె ఇల్లు పోతదా? పాటలు ఉన్నకాడనే ఉన్నయి."

ఇంకో సంగతి ఆలోచిస్తే మతి పోతుంది. ఆ రోజు సంతోషి ఒక్క పాటనైనా తెరిచి ఉంటే, అవి ఉత్త గుర్తులు గనక వైరస్ లేచేది. అది మళ్లీ గుర్తులన్నీ పుట్టించేది, ల్యాప్‌టాప్‌లో కూడా చేరేది. ఎవరో ఒక రిపేరు షాపుకు తీసుకెళ్లేవాళ్లు. ఆ షాపు నాలాంటిదై ఉంటే అడుగంటా తుడిచేసేది. కానీ సుమిత్రమ్మ ఆ గొంతు వినలేనని ఒక్కటీ తెరవనివ్వలేదు. ఆమె దుఃఖమే ఆమె పాటలకు కాపలా కాసింది.

"నాలుగేండ్లు యాడ పెట్టిండ్రు దీన్ని?" అని అడిగాను.

"పోపుల డబ్బల" అన్నాడు అంతయ్య.

సప్పుడు డబ్బాకు కూడా ఈ దాపరికాలు తెలియవు. పాట కనపడితే పాడేస్తుంది. ఈ నాలుగేళ్లలో ఏ ఒక్క రోజైనా పెన్‌డ్రైవ్‌ను పోపుల డబ్బాలోంచి తీసి సప్పుడు డబ్బాకు పెట్టి ఉంటే సుమిత్రమ్మ పాడేది. ఆ మాట వాళ్లకు చెప్పాలా వద్దా అని తటపటాయించి, చెప్పేశాను. అంతయ్య నెత్తి కొట్టుకున్నాడు. సుమిత్రమ్మ మాత్రం పెన్‌డ్రైవ్‌ను వేలితో ఒకసారి తడిమింది.

పాటల కింద ఇంకో రెండు ఫైళ్లున్నాయి. ఒకటి వైరస్. రెండోది ఒక హాల్‌టికెట్. దాని పేరు చూసి తెర దగ్గరికి వంగాను. సంతోషి 4471.

అలా పేరు పెట్టేది ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నే. ప్రింటుకు వచ్చినవాళ్ల పేరు, వాళ్ల ఫోన్ నంబరులో చివరి నాలుగంకెలు. అదీ నా పద్ధతి. తారీఖు చూశాను. 2018 మార్చి. వైరస్ తారీఖు కూడా అదే. హాల్‌టికెట్ తర్వాత సరిగ్గా రెండు నిమిషాలకు ఎక్కింది.

ఆ మార్చి నాకు బాగా గుర్తు. నా షాపు కంప్యూటర్లకే వైరస్ పట్టింది. నాకు తెలిసేలోపు రెండు వారాల పాటు వచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్‌కూ అంటించి పంపాను. ఒక డిగ్రీ పిల్లవాడు వచ్చి నడి సందులో నిలబడి నా పరువు తీశాడు. ఆ అవమానం తర్వాతే దవాఖాన కొన్నాను, ఆ అవమానం తర్వాతే ఫార్మాట్ రూలు పెట్టాను. ఏడేళ్లయినా తలచుకుంటే చెవులు వేడెక్కే తప్పు అది.

"కాకా" అన్నాను. "గీ వైరస్ నా షాపుల నుంచే మీకు ఎక్కింది. తప్పు నాదే."

అంతయ్యకు అర్థం కాలేదు. "మంచిదే గద బిడ్డా!" అన్నాడు.

మంచిదే! ఏ దేశంలో కూర్చుని ఎవడు రాశాడో ఆ వైరస్‌ను. దొంగబుద్ధితోనే రాసి ఉంటాడు. వాడు తెలుగు మాట ఒక్కటి విని ఉండడు, చంపాపేట్ అనే ఊరుందని వాడికి తెలియదు. వాడు రాసిన ఆ నాలుగు ముక్కలు ఎన్ని పెన్‌డ్రైవ్‌లు మారి, ఎన్ని ఇళ్లు తిరిగి నా దగ్గరికి వచ్చాయో. నా దగ్గరి నుంచి సంతోషి బ్యాగులోకి ఎక్కి ఆ ఇంట్లో కూర్చున్నాయి. తల్లి తన గొంతును తానే చెరిపేసుకోబోతే అడ్డం పడ్డాయి. ఇదంతా ఎవరు నడిపించారో నన్నడగొద్దు. సూర్యప్రభ ఆంటీ అయితే చెంపలు వేసుకుంది.

సుమిత్రమ్మ నా దగ్గరికి వచ్చి మౌస్ మీదున్న నా చేతిని తీసుకుని కళ్లకు అద్దుకుంది. "వద్దు పెద్దమ్మా" అని గుంజుకోబోయాను. ఐదు నిమిషాల కింద ఆ ముప్పై ఏడునూ తుడిచెయ్యబోయిన చెయ్యి అదే. ఆమె వదల్లేదు. నేనక్కడే బోరున ఏడ్చాను. హాల్‌టికెట్ల పిల్లలు మెల్లగా పక్క షాపుకు జారుకున్నారు.

తర్వాత చెయ్యవలసిన పని చేశాను. దాచిన పాటలన్నిటినీ మామూలుగా కనపడేలా బయటికి తెచ్చాను. అంతయ్య ఫోన్‌లోకి ఒకసారి, నా కంప్యూటర్‌లోకి ఒకసారి కాపీ తీశాను. చివరికి వైరస్ మిగిలింది. దాన్ని తీసెయ్యాలి, లేకపోతే రేపు సంతోషి ల్యాప్‌టాప్‌ను పడుతుంది. ఇన్నేళ్లలో మొదటిసారి ఒక వైరస్‌ను తీసేసే ముందు నా చెయ్యి కాసేపు ఆగింది. తీసేశాను.

తొట్టెల పాటల్లో ఏది కావాలో సుమిత్రమ్మ వేలుతో చూపించింది. పక్కింటి శ్రీకర్ పాట. విజయవాడ నుంచి వచ్చినవాళ్ల బాబట, ఆ పాటను అన్నిటికంటే మంచిగా పాడిందట, అంతయ్య చెప్పాడు. వినిపించాను.

తూర్పు తొవ్వల తెల్లారి ఒచ్చినాదీ
తొట్టెల్ల పండుకున్నది ఎవలమ్మా?

అడిగి, జవాబు తానే చెబుతుంది. "మా శ్రీకరూ" అని రాగం తీస్తుంది. మూడు చరణాల్లో మూడుసార్లు అడుగుతుంది, మూడుసార్లు చెబుతుంది. మొదటిసారి ఆ పేరు రాగానే సుమిత్రమ్మ చెయ్యెత్తి పాట ఆపించింది. నిజమే, తన మనుమరాలి తొట్టెల దగ్గర ఇంకొకరి పేరెలా పాడిస్తుంది?

"మీ పాప పేరేమనుకున్నరు కాకా?"

"సహస్ర."

"దాందేముంది పెద్దమ్మా, సంతోషితోటి గా పేరు పాడిచ్చి నాకు ఫోన్ల పంపియ్యమను. అతికిస్త. ఎవలు గుర్తు పట్టరు."

ఆమె తల అడ్డంగా ఊపింది. రెండు వేళ్లను కత్తెరలా ఆడించింది. ఆ పేరు ఉన్న చోట కత్తిరించమంటోంది. తర్వాత ఆ ఖాళీ వైపు చూపించి, తన రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది.

"నువ్వు చెప్తవా?" అన్నాను. ఎలా చెబుతావని అడగబోయి నోరు మూసుకున్నాను. పొద్దున నేర్చుకున్న బుద్ధి సాయంత్రం దాకా అయినా ఉండాలి కదా.

మూడు చోట్లా పేరు కత్తిరించి, ఒక్కో చోట నాలుగు సెకన్ల నిశ్శబ్దం పెట్టాను. మిగతా పాటలో ఒక్క శ్వాస కూడా ముట్టుకోలేదు. అంతయ్య ఆటో సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

ఆదివారం పొద్దున సూర్యప్రభ ఆంటీని తోడు తీసుకుని చంపాపేట్ వెళ్లాను. రెండు గదుల కిరాయి ఇల్లు, వాకిట్లో టెంటు. లోపల గదిలో కొక్కేనికి తొట్టెల కట్టి బంతిపూల దండలు చుట్టారు. యాభై ఇళ్ల ఆడవాళ్లు వచ్చినట్టున్నారు, కాలు పెట్టే చోటు లేదు. పాటల సంగతి అంతయ్య ఎవరికీ చెప్పలేదు. సంతోషికి కూడా చెప్పలేదట.

"పాట లేకుంటెనే పండవెడతరా?" అని ఒకామె ఇంకొకామెతో అంటోంది. "పాపం, సుమిత్రమ్మ ఎట్ల తట్టుకుంటదో." సంతోషి పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని తల్లి ముఖం వైపు చూడలేక నేల చూపులు చూస్తోంది. పిల్ల ఏడుస్తోంది.

అంతయ్య సప్పుడు డబ్బా నొక్కాడు.

ఆ గొంతు గదిలోకి వచ్చింది. ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు. టెంటు కింద మాట్లాడుకుంటున్నవాళ్లు వాకిట్లోకి తోసుకొచ్చారు. నాలుగేళ్లుగా వినని గొంతు, వాళ్ల వాళ్ల పిల్లల తొట్టెలల దగ్గర విన్న గొంతు. ఒక ముసలావిడ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. సంతోషి "అమ్మా!" అని ఒక్క కేక వేసింది. తన చేత్తో తీసేసిన పాట అది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెక్కుతూనే బిడ్డను తల్లి చేతికిచ్చింది.

సుమిత్రమ్మ మనుమరాలిని తీసుకుంది. తొట్టెల్ల పండుకున్నది ఎవలమ్మా అని డబ్బాలో ఆమె గొంతు అడిగింది, ఆగింది.

సుమిత్రమ్మ వంగి, పసిదాని చెవికి పెదవులు ఆనించింది. పెదవులు కదిలాయి. మాకు ఏమీ వినపడలేదు, గొంతు మీది గుడ్డ మాత్రం ఒకసారి ఎగిరి పడింది. అంతమందిమి ఉన్నా గదిలో చిన్న అలికిడి లేదు. నాలుగు సెకన్లు నేనే పెట్టాను, అవి ఎంత పొడుగో అక్కడ నిలబడ్డాకే తెలిసింది. ఆమె తల ఎత్తేసరికి ఆమె గొంతే అందుకుని రెండో చరణం పాడింది. పిల్ల ఏడుపు ఆపేసింది.

రెండోసారి గొంతు అడిగింది. మళ్లీ వంగి చెవిలో చెప్పింది. పక్కన సూర్యప్రభ ఆంటీ నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది. "చెప్తోందే విజయా, నిజంగా చెప్తోంది" అంది.

మూడో చరణం వచ్చేసరికి సుమిత్రమ్మ బిడ్డను తొట్టెలలో పడుకోబెట్టి, తొట్టెల తాడు పట్టుకుని నిలబడింది. తొట్టెల్ల పండుకున్నది ఎవలమ్మా అని డబ్బా అడిగింది. ఈసారి ఆమె వంగలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్లందరి వైపూ చూసి, చెప్పండి అన్నట్టు చెయ్యి చాచింది.

"మా సహస్రా!" అన్నారు అందరూ. నేనూ అన్నాను. సూర్యప్రభ ఆంటీ అందరికంటే గట్టిగా అంది.

ఏడెనిమిదేళ్ల కింద శ్రీకర్ తొట్టెల దగ్గర, మూడోసారి పేరు పాడాక సుమిత్రమ్మకు సంతోషం ఆగక నవ్వేసింది. ఆ నవ్వు రికార్డులో ఉంది. పాటలో ఏదీ ముట్టుకోలేదు గనక దాన్నీ నేను తియ్యలేదు. మా కేక ఆగగానే డబ్బాలోంచి ఆ నవ్వు గలగలమని వచ్చింది. తొట్టెల ఊపుతున్న సుమిత్రమ్మ వైపు చూశాను. ఆమె భుజాలు అదురుతున్నాయి, నోరు నిండా నవ్వుతోంది. నవ్వు ఆమె ముఖం మీద ఉంది, దాని చప్పుడు డబ్బాలోంచి వస్తోంది.